రెండు కేబుళ్లు – ఒకే బాట

కంప్యూటర్ ప్రయోగశాల అనగానే మన దృష్టి యంత్రాల సంఖ్య మీదికే పోతుంది. గోడ మూలనున్న స్విచ్‌ను గాని, దానిని ప్రధాన స్విచ్‌తో కలిపే కేబుల్‌ను గాని ఎవరూ తలచుకోరు. శాలలో నలభై యంత్రాలున్నా, బయటికి పోయే బాట తరచుగా ఆ ఒక్క కేబులే. పరీక్ష వేళ అది తెగితే నలభై మంది పని ఒక్కసారిగా స్తంభించిపోతుంది.

రెండవ కేబుల్ వేస్తే చాలదా అని కొందరు అడగవచ్చు. ఊరక వేస్తే చాలదు. రెండు స్విచ్‌ల మధ్య రెండు దారులుంటే సమాచారం వలయంలో చిక్కి తిరుగుతూ మొత్తం వ్యవస్థనే ముంచివేయగలదు. ఈ ప్రమాదాన్ని నివారించడానికి రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించిన స్పానింగ్ ట్రీ పద్ధతి ఒక దారిని మూసి ఉంచుతుంది. అప్పుడు ఒక కేబుల్ శ్రమిస్తుంది, మరొకటి ఊరక పడి ఉంటుంది. రెండింటినీ ఒకే బాటగా చూడమని స్విచ్‌లకు నిర్దేశించడమే లింక్ అగ్రిగేషన్. ఇది 2000లో 802.3ఎ.డి. అనే ప్రమాణంగా వెలువడి, 2008లో 802.1ఎ.ఎక్స్.గా రూపొందింది.

ఈ కలయికకు రెండు రీతులున్నాయి. స్థిర పద్ధతిలో స్విచ్ ఎదుటిదానిని సంప్రదించదు. ఒక కొసన పొరపాటు జరిగినా రెండవ కొసకు తెలియదు. ఎల్.ఎ.సి.పి. పద్ధతిలో రెండూ సందేశాలు పంపుకొని, అంగీకారం కుదిరిన పిమ్మటనే కలుస్తాయి. నా అభిప్రాయంలో ఇదే శ్రేయస్కరం. అయితే కనీసం ఒక వైపైనా ‘యాక్టివ్’గా ఉండాలి. రెండూ ‘పాసివ్’ అయితే, ‘పహ్‌లే ఆప్’ అనుకుంటూ రైలు తప్పించుకున్న లక్నో నవాబుల కథే అవుతుంది!

ఇందులో భ్రమలకు తావుండరాదు. రెండు గిగాబిట్ కేబుళ్లు కలిపినంత మాత్రాన ఒక విద్యార్థి ఫైలు రెట్టింపు వేగంతో రాదు. వరుస తప్పకుండా ఉండేందుకు ఒక సంభాషణకు చెందిన సమాచారమంతా ఒకే కేబుల్ మీద సాగుతుంది. పలువురు ఏకకాలంలో పనిచేసినప్పుడే వేగలాభం. ఒకటి తెగినా రెండవది భారం వహించడమే అసలు లాభం.

కనుక కళాశాల సంఘం వారికి నా మనవి. స్విచ్‌లు కొనేటప్పుడు చౌకదనమొక్కటే చూడక, ఎల్.ఎ.సి.పి. సదుపాయం ఉన్నదో లేదో విచారించండి. రెండు కేబుళ్లనూ ఒకే గొట్టంలో నడపకండి. ఎలుక కొరికితే రెండూ పోతాయి. ఇక విద్యార్థి మిత్రులారా! కేబుళ్ల వేగం సమానంగా ఉండేటట్లు చూడండి. రెండు కొసలా అమరిక పూర్తి చేసిన తరువాతనే రెండవ కేబుల్ తగిలించండి. ఆపై ఒకదానిని మీ చేతులతోనే ఊడదీసి, పని సాగుతున్నదో లేదో పరీక్షించండి. ఆ పరీక్ష మన పరీక్షలకు ముందే జరగాలి.