స్పిన్‌ చదువుకు కొలువు ఎక్కడ?

అమరావతి క్వాంటమ్‌ వ్యాలీ వార్తలు వచ్చినప్పటి నుంచి కాలేజీల్లో ఒకటే ప్రశ్న: ‘క్వాంటమ్‌ కోర్సు చేస్తే జాబ్‌ వస్తుందా?’ ఐబీఎం, టీసీఎస్‌, ఎల్‌ అండ్‌ టీ భాగస్వామ్యంతో 156 క్యూబిట్ల హెరాన్‌ ప్రాసెసర్‌ ఉన్న కంప్యూటర్‌ పెడతామని 2025లో ప్రకటించారు. స్వల్పకాలిక సర్టిఫికెట్‌ కోర్సుల ప్రకటనలూ మీ కంట పడుతూనే ఉంటాయి. ఫీజు కట్టే ముందు ఒక్క విషయం గమనించండి. ఆ కోర్సుల్లో చాలావరకు నేర్పేది ప్రోగ్రామింగే. ఆ ప్రోగ్రామ్‌ నడవాలంటే ముందు ఒక డివైజ్‌ ఉండాలి. దాన్ని తయారు చేసేవాళ్లు, కొలిచి చూసేవాళ్లు ఎవరు?

2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్‌ ఆమోదించిన నేషనల్‌ క్వాంటమ్‌ మిషన్‌కు 2030-31 వరకు రూ.6,003.65 కోట్లు కేటాయించారు. దాని కింద నాలుగు హబ్‌లు ఉన్నాయి. కంప్యూటింగ్‌ ఐఐఎస్సీ బెంగళూరులో, కమ్యూనికేషన్‌ ఐఐటీ మద్రాస్‌లో, సెన్సింగ్‌ ఐఐటీ బాంబేలో, మెటీరియల్స్‌-డివైజెస్‌ ఐఐటీ దిల్లీలో. మన విద్యార్థులు పెద్దగా పట్టించుకోనిది ఈ నాలుగోదే.

అసలు విషయం ఏమిటి?

తీగ పొడవు సగం చేస్తే నిరోధమూ సగమవుతుందని ఇంటర్లో చదివారు కదా! నానోమీటర్ల స్థాయికి వెళ్తే ఈ లెక్క పనిచేయదు. ఎలక్ట్రాన్‌ దేనికీ తగలకుండా తరంగంలా దాటిపోతుంది. అయినా నిరోధం సున్నా కాదు. పొడవు ఎంత తగ్గించినా ఒక్కో దారికి సుమారు 12.9 కిలో ఓమ్‌ల కంటే దిగదు. 1988లో నెదర్లాండ్స్‌, బ్రిటన్‌ బృందాలు దీన్ని కొలిచి చూపించాయి.

ఎలక్ట్రాన్‌కు ఆవేశంతో పాటు స్పిన్‌ ఉంటుంది. దానివల్ల అది బుల్లి అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. రెండు అయస్కాంత పొరల దిశ ఒకటైతే కరెంటు సులువుగా వెళ్తుంది, ఎదురెదురైతే కష్టంగా వెళ్తుంది. ఆల్బర్ట్‌ ఫెర్ట్‌, పీటర్‌ గ్రూన్‌బెర్గ్‌ విడివిడిగా 1988లో కనుక్కున్న ఈ ప్రభావం 1997కల్లా ఐబీఎం హార్డ్‌డిస్కుల్లోకి వచ్చేసింది. ఇద్దరికీ 2007లో నోబెల్‌ దక్కింది. కరెంటు పోయినా డేటా చెరగని ఎంర్యామ్‌ మెమరీ కూడా స్పిన్‌తో పనిచేసేదే.

ఇప్పుడు మరో వైపు చూడండి. ఒక్క అణువునే డయోడ్‌లా వాడొచ్చని అవిరామ్‌, రాట్నర్‌ 1974లోనే ప్రతిపాదించారు. 50 ఏళ్లు దాటినా అది మార్కెట్లో నిలదొక్కుకోలేదు. కుడి-ఎడమ తేడా ఉన్న కైరల్‌ అణువులు ఒక స్పిన్‌నే ఎక్కువగా వదులుతాయని ఇజ్రాయెల్‌లో రాన్‌ నామన్‌ బృందం చూపించింది. అది అంత బలంగా ఎందుకు జరుగుతుందన్న చర్చ ఇంకా తెగలేదు. అంటే అణువుల వైపు వెళ్తే పీహెచ్‌డీకి బోలెడు ప్రశ్నలున్నాయి, కంపెనీ కొలువులు మాత్రం తక్కువ. పొరలు, మెమరీ వైపు వెళ్తే పరిశ్రమ దగ్గరవుతుంది.

ఉద్యోగం ఏ పేరుతో?

‘స్పిన్‌ ఇంజినీర్‌’ అనే పోస్టు క్యాంపస్‌ నోటీసులో కనిపించడం అరుదు. వెతకాల్సింది పనులను: పలుచని పొరలు వేయడం, క్లీన్‌రూమ్‌ పని, అతి తక్కువ కరెంటును శీతల ఉష్ణోగ్రతల్లో కొలవడం, డివైజ్‌ సిమ్యులేషన్‌. ఇవి వచ్చినవాళ్లకు క్వాంటమ్‌ ల్యాబ్‌లతో పాటు గుజరాత్‌లోని ధొలేరాలో టాటా సంస్థ కడుతున్న ఫ్యాబ్‌ లాంటి చోట్లా దారి ఉంటుంది. క్వాంటమ్‌ హడావుడి తగ్గినా ఈ నైపుణ్యం వృథా పోదు.

ఇప్పుడేం చేయాలి?

- బీఎస్సీ వాళ్లు జామ్‌, బీటెక్‌ వాళ్లు గేట్‌ మీద దృష్టి పెట్టండి. పీజీ తర్వాత నెట్‌తో జేఆర్‌ఎఫ్‌ వస్తే నెలకు రూ.37,000.
- స్పిన్‌ ట్రాన్సిస్టర్‌ను 1990లో ప్రతిపాదించిన ఇద్దరిలో ఒకరు, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివిన సుప్రియో దత్తా. ఆయన పాఠాలు నానోహబ్‌లో ఉచితం.
- పైథాన్‌ వస్తే ‘క్వాంట్‌’ అనే ఉచిత ప్యాకేజీతో కరెంటు లెక్కలు మీ ల్యాప్‌టాప్‌లోనే చేసి చూడొచ్చు.
- మీ కాలేజీలో క్లీన్‌రూమ్‌ లేదా? ఐఐఎస్సీ, కొన్ని ఐఐటీల ల్యాబ్‌లను బయటి విద్యార్థులకు తెరిచే కేంద్ర కార్యక్రమం ఐఎన్‌యూపీ ఉంది. దాని శిక్షణల గురించి మీ లెక్చరర్‌ను అడగండి.

ఏ కోర్సులో చేరినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘ఇందులో నా చేత్తో నేను కొలిచేది ఏమైనా ఉందా?’ లేదంటే ఫీజు కట్టే ముందు మళ్లీ ఆలోచించుకోండి.