కొత్త శిల్పానికి గడువు ఉండాలి

ఒమన్‌లోని అల్ అయిన్ సమాధులను దూరం నుంచి చూస్తే, ఎవరో శిల్పి కొండ అంచును ఏరికోరి ఎంచుకుని దాని మీద తన పనితనాన్ని వరసగా నిలబెట్టినట్టు ఉంటుంది. ఇబ్రికి దగ్గర్లో ఉన్న ఈ 21 సమాధులూ క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్ది నాటివి. సున్నం గానీ అడుసు గానీ లేకుండా రాతి పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, పైకి పోయేకొద్దీ లోపలికి వంచుకుంటూ కట్టారు. కింద ఒక చిన్న ద్వారం మాత్రం వదిలారు. వెనక జబల్ మిష్త్ సున్నపురాయి కొండ నిట్టనిలువు గోడలా లేస్తుంది. కట్టినవాళ్లు ఆ నేపథ్యాన్ని తెలిసే ఎంచుకున్నారా అంటే, వాళ్లు రాత మిగల్చలేదు. వరస, అంచు, కొండ కలిసి ఒకే దృశ్యంగా నిలుస్తాయన్నది మాత్రం కాదనలేం. బాట్, అల్ ఖుత్మ్ అనే పురావస్తు స్థలాలతో కలిపి అల్ అయిన్‌ను 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇలాంటి చోట ఈనాటి శిల్పం పెట్టవచ్చా? పెట్టవచ్చు. కాకపోతే, తీసేసే తేదీ ఖాయం చేసుకున్నాకే పెట్టాలి.

ఈ ప్రశ్న గాలిలోంచి ఊడిపడింది కాదు. పొరుగున సౌదీ అరేబియా 2020లో అల్ ఉలా ఎడారిలో ఆధునిక శిల్పాల ప్రదర్శన జరిపింది. నబాతియన్ల ప్రాచీన నగరం హెగ్రా ఉన్నది ఆ ప్రాంతంలోనే. 2021లో ఈజిప్టు గీజా పిరమిడ్ల ముందే కొత్త శిల్పాలు నిలబెట్టింది. ఒమన్ కూడా 2022లో తొలిసారి వెనిస్ బియనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో సొంత పెవిలియన్ పెట్టింది. కళాకారులున్నారు, ఉత్సాహముంది, పర్యాటకుల మీద ఆశ ఉంది. రేపు ఎవరైనా అల్ అయిన్ కొండ వైపు చూపించి ‘ఇక్కడ పెడదాం’ అంటే ఏం చెప్పాలో ఈరోజే తేల్చుకోవాలి.

అందుకు పనికొచ్చే ఉదాహరణ గ్రీసులోని డెలోస్ ద్వీపం. అదీ వారసత్వ స్థలమే. 2019లో శిల్పి ఆంటోనీ గోర్మ్లీ అక్కడ 29 శిల్పాలు పెట్టాడు. చాలావరకు మనిషి ఎత్తువే. గుడి స్తంభాలతో పోటీకి దిగలేదు. ఒకటి నీటి అంచున, ఇంకొకటి శిథిలాల మధ్య నిలబడితే, వచ్చినవాళ్ల చూపు ముందు బొమ్మ మీద పడి, అక్కడి నుంచి ఒకప్పుడు మనుషులు తిరిగిన వీధి మీదికి మళ్లింది. వేసవి ముగిశాక ప్రదర్శన ఎత్తేశారు. ద్వీపం మళ్లీ తనలాగే ఉంది. పాతదాన్ని చూడటానికి కొత్త శిల్పం ఒక కారణం కల్పించి పక్కకు తప్పుకుంది. సంభాషణ అన్నాక ఒకరు మాట్లాడి ఆగాలి. ఆగకుండా మాట్లాడితే అది ఉపన్యాసమవుతుంది.

శాశ్వతంగా పెడితే ఏమవుతుందో తెలియడానికి మనం దూరం వెళ్లక్కర్లేదు. అమరావతి మహాస్తూపంలో ఇవాళ నేల మీద మిగిలింది తక్కువ ఎత్తు దిబ్బ. అదే ఊళ్లో 125 అడుగుల ధ్యానబుద్ధుడు కూర్చున్నాడు. ఆ విగ్రహంలో భక్తికీ పనితనానికీ లోటు లేదు. కానీ దాని ముందు స్తూపం చిన్నబోతుంది. ఊరికి వచ్చినవాళ్ల కళ్లు ముందు పోయేది ఎత్తు వైపే. ఈ మాట అంటే, అన్ని శాశ్వత శిల్పాలకూ నేను అడ్డుచెబుతున్నానని కాదు. మస్కట్‌లో మత్రా తీరం పైన, రియామ్ దగ్గర నిలిచిన పెద్ద ధూపదాని బాగానే ఉంది. నగరం కొత్త కట్టడాలను తనలో కలుపుకోగలదు, రేపు మార్చుకోగలదు. అల్ అయిన్ లాంటి బోడి కొండ అంచుకు ఆ వెసులుబాటు లేదు.

అక్కడి రాతితోనే, అక్కడి పద్ధతిలోనే కొత్త శిల్పం కడితే స్థలంతో కలిసిపోదా అని కొందరంటారు. వినడానికి బాగుంది గానీ అదే పెద్ద చిక్కు. సున్నం లేకుండా పేర్చిన కొత్త రాతి గుట్టకూ, కూలిన పాత సమాధికీ తేడా రేపటి సందర్శకుడికి ఎలా తెలుస్తుంది? పాత కట్టడానికి చేసే చేర్పు కొత్తదని కనిపించి తీరాలని కట్టడాల పరిరక్షణపై 1964లో వచ్చిన వెనిస్ చార్టర్ చెప్పింది కూడా ఇందుకే. అక్కడ ఇనుము, గాజు, గుడ్డ ఏదైనా నిజాయితీగా నిలుస్తుంది. అదే రాయి మాత్రం అబద్ధమాడుతుంది.

ఇంకో వాదన మరింత బలమైనది: ప్రతి తరమూ ముందు తరం మీదే కట్టుకుంటూ వచ్చింది, మనకు మాత్రం అడ్డేమిటి? నిజమే, కట్టుకుంటూ వచ్చింది. పద్దెనిమిదో శతాబ్ది చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త పట్నానికి అమరావతి స్తూపం రాళ్లు తరలాయి. సర్వే అధికారి కాలిన్ మెకంజీ చూసేసరికే తవ్వకం సాగుతోంది. మిగిలిన శిల్పాల్లో చాలావరకు లండన్, చెన్నై మ్యూజియంలకు చేరాయి. ఆ తరానికి స్తూపం విలువ తెలియదు, మనకు తెలుసు. తెలిశాక కూడా వాళ్ల అలవాటునే ఆధారంగా చూపడం చెల్లదు.

కొద్ది నెలల బొమ్మకు అంత ఖర్చు దండగ కదా, స్థానికులకు మిగిలేదేమిటి అన్నది న్యాయమైన ప్రశ్నే. గడువు ముగిశాక ఆ శిల్పాన్ని ఇబ్రి, నిజ్వా లాంటి పట్టణాల్లోని పార్కుకో కళాశాలకో చేర్చవచ్చు. ఖర్చూ వృథా కాదు, కొండా మిగులుతుంది. పైగా, వారసత్వ హోదా ఒకసారి వస్తే పోదన్న భ్రమ ఒమన్‌కు ఎలాగూ ఉండదు. 1987లో జాబితాకెక్కిన బహ్లా కోట మరుసటి ఏడాదే ప్రమాద జాబితాలో పడి, 2004లో గానీ బయటపడలేదు. అరేబియన్ ఓరిక్స్ అభయారణ్యమైతే 2007లో ప్రపంచంలోనే మొదటిసారిగా జాబితాలోంచి పోయింది. కాబట్టి అనుమతి పత్రంలోనే మూడు సంగతులు రాయాలి: ఏ దిక్కు నుంచి చూసినా సమాధుల వరసకూ కొండకూ మధ్య శిల్పం అడ్డురాకూడదు, పునాది కోసం నేల తవ్వకూడదు, ఫలానా తేదీకి తీసేయాలి. ఇవి ఒప్పుకున్న శిల్పికి మిగతా విషయాల్లో పూర్తి స్వేచ్ఛ ఇవ్వాలి. గడువుకు ఒప్పుకోని శిల్పికి నిలబెట్టుకోవడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి. ఆ సమాధులకు ఉన్నది ఆ కొండ ఒక్కటే.