ముద్ద దిగే దారి

దుఃఖం ముంచెత్తిన వేళ తెలుగువారు ‘ముద్ద దిగడం లేదు’ అంటారు. అన్నం తింటుండగా పొలమారితే ‘ఎవరో తలచుకుంటున్నారు’ అని నవ్వుతూ, పక్కనున్న పెద్దవారు నడినెత్తిన మెల్లగా తట్టి మంచినీళ్లు అందిస్తారు. ఆ తట్టే చేతిలో మందు లేదు. అయినా ఊరట ఉన్నది. అయితే కొందరికి ముద్ద దిగకపోవడం మాటవరసకు అనే మాట కాదు. అది పూటపూటా ఎదురయ్యే బాధ. అటువంటి వారికి ఆప్యాయంగా తాకే చేయి ఎంతవరకు తోడ్పడుతుంది, ఎక్కడికి వచ్చి ఆగిపోతుంది అన్నది ఆలోచించదగిన విషయం.

మింగడం చూడటానికి సులభమైన పని. దాని వెనుక జరిగే ఏర్పాటు మాత్రం సులభమైనది కాదు. నాలుక ముద్దను వెనక్కు నెట్టగానే శ్వాస క్షణకాలం ఆగుతుంది. స్వరపేటిక పైకి లేస్తుంది. ఉపజిహ్విక వాలి శ్వాసనాళపు ద్వారాన్ని కప్పుతుంది. అప్పుడు ముద్ద సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న అన్నవాహికలో ప్రవేశిస్తుంది. అన్నవాహిక కండరాలు అలలాగా ముడుచుకొంటూ దానిని కిందికి పంపుతాయి. చివర ఉన్న కండర వలయం సకాలంలో సడలి జీర్ణకోశానికి దారి ఇస్తుంది. నాడులు, కండరాలు ఇంత క్రమశిక్షణతో పనిచేస్తేనే ఒక్క ముద్ద దిగుతుంది.

ఈ క్రమం ఎక్కడైనా తప్పవచ్చు. పక్షవాతం వచ్చినవారిలో మెదడు నుండి గొంతుకు అందవలసిన ఆజ్ఞలు దెబ్బతింటాయి. అప్పుడు మాటిమాటికీ పొలమారడం ఎవరో తలచుకొంటున్నందుకు గుర్తు కాదు, ఆహారం శ్వాసమార్గంలోకి పోతున్నదనడానికి హెచ్చరిక. అటువంటి రోగికి పలుచని నీళ్లే ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తులలోకి జారి న్యుమోనియా తెస్తాయి. ‘అకలేషియా’ అనే అరుదైన వ్యాధిలో అన్నవాహిక గోడలోని నాడీకణాలు క్రమంగా నశిస్తాయి. కింది కండర వలయం సడలదు. తిన్నది దిగక లోపలే నిలిచి, పడుకొన్నప్పుడు తిరిగి గొంతులోకి వస్తుంది. మరికొందరిలో మింగుడు కష్టం అన్నవాహిక క్యాన్సర్‌కు తొలి సూచన కావచ్చు. లక్షణం ఒక్కటే అయినా కారణాలు అనేకం.

ఇటువంటి బాధితులు పలువురు శక్తి చికిత్సల వైపు చూస్తున్నారు. చేతులను ఒంటిపై మృదువుగా ఆనించి, లేదా కొద్ది దూరంలో ఉంచి, ప్రాణశక్తిని రోగిలోకి ప్రవహింపజేయవచ్చన్నది వీటి మూలభావన. జపానులో మికావో ఉసుయి 1922లో ప్రారంభించిన రేకీ, 1970వ దశకంలో అమెరికాలో నర్సింగ్ ఆచార్యురాలు డొలోరెస్ క్రీగర్ ప్రచారంలోకి తెచ్చిన ‘థెరప్యూటిక్ టచ్’, ఫిలిప్పీన్స్‌కు చెందిన చోవా కోక్ సూయి వ్యాపింపజేసిన ప్రాణిక్ హీలింగ్ ఈ కోవకు చెందినవి. తెలుగు నగరాలలోనూ వీటికి ఆదరణ ఉన్నది. ఆశ్రయించేవారందరినీ అమాయకులని కొట్టివేయడం న్యాయం కాదు. నలుగురిలో కూర్చొని తినలేక, పెళ్లిపందిట్లో విస్తరి ముందు తలవంచుకొని లేచిపోయే మనిషికి ఒంటరితనమే సగం జబ్బు. రద్దీగా ఉండే ఆసుపత్రిలో వైద్యుడు కొద్ది నిమిషాలే కేటాయించగలిగితే, శక్తి చికిత్సకుడు చాలాసేపు దగ్గర కూర్చొని వింటాడు. ఆ మనిషికి కావలసినది మొదట అదే.

అయితే చేతుల నుండి నిజంగా ఏదైనా శక్తి ప్రసరిస్తున్నదా? ఈ ప్రశ్నను అమెరికాకు చెందిన ఎమిలీ రోజా అనే తొమ్మిదేళ్ల బాలిక అతి సులభమైన పద్ధతిలో పరీక్షించింది. థెరప్యూటిక్ టచ్ చేసేవారు 21 మంది అడ్డుతెర కింది నుండి తమ రెండు చేతులను చాచారు. ఆమె నాణెం ఎగురవేసి, పడిన వైపును బట్టి ఏదో ఒక చేతికి దగ్గరగా తన చేతిని ఉంచింది. అది ఏ చేతి దగ్గర ఉన్నదో వారు చెప్పాలి. మొత్తం 280 ప్రయత్నాలలో సరైన జవాబులు 44 శాతం. కళ్లు మూసుకొని ఊహించినా సగం సరిపోవలసిన చోట సగం కూడా రాలేదు. ఈ ఫలితం 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వెలువడింది. తాము సరిచేస్తున్నామనే శక్తిక్షేత్రాన్ని వారు గుర్తించనే లేకపోయారు.

అంతమాత్రాన రోగి పొందిన ఊరట అబద్ధమని తీర్మానించరాదు. ఈ తేడాను 2011లో ప్రచురితమైన ఆస్తమా అధ్యయనం ఒకటి స్పష్టంగా చూపింది. అందులో అవే రోగులకు వేర్వేరు సమయాల్లో అసలు మందును, మందు లేని పీల్పు పరికరాన్ని, ఉత్తుత్తి ఆక్యుపంక్చర్‌ను ఇచ్చారు. మరొకసారి ఏమీ ఇవ్వలేదు. తమకు ఎంత మెరుగైనదో అడిగితే మొదటి మూడింటికీ రోగులు దాదాపు ఒకే రీతిగా, 45 నుండి 50 శాతం వరకు మెరుగుదల చెప్పారు. పరికరంతో కొలిచినప్పుడు మాత్రం ఊపిరి సామర్థ్యం అసలు మందుతో 20 శాతం పెరిగింది. మిగిలిన మూడు సందర్భాలలోనూ, ఏమీ ఇవ్వనప్పటితో సహా, సుమారు 7 శాతమే పెరిగింది. మనసు తేలికపడింది కాని ఊపిరిదారి తెరుచుకోలేదు.

మింగుడు సమస్యకు ఈ పాఠం అక్షరాలా వర్తిస్తుంది. అకలేషియాలో రోగి తనకు నయంగా ఉన్నదని చెప్పినా అన్నవాహిక ఖాళీ కాకపోవచ్చు. అందుకే వైద్యులు బేరియం తాగించి, కొన్ని నిమిషాల తరువాత అది ఎంత నిలిచి ఉన్నదో ఎక్స్‌రేలో కొలుస్తారు. పక్షవాతం వచ్చిన చాలామందికి కొన్ని వారాలలో మింగే శక్తి సహజంగానే కొంత తిరిగి వస్తుంది. ఆ వారాలలో ఎవరైనా చేయి ఉంచితే ఆ కీర్తి చేతికే దక్కుతుంది. కాకి వాలగానే తాటిపండు రాలినట్లు జరిగే ఇటువంటి సంఘటనలనే పెద్దలు కాకతాళీయం అన్నారు. గొంతులో అడ్డు ఏమీ లేకున్నా, ఆందోళన వల్ల ఉండ అడ్డుపడినట్లు తోచే స్థితి కూడా ఒకటి ఉన్నది. అటువంటివారికి విశ్రాంతి, ధైర్యం మేలు చేస్తాయి. కాని ఎవరిది ఆందోళనో, ఎవరిది వ్యాధో తేల్చేది పరీక్షే తప్ప నమ్మకం కాదు.

వైద్యశాస్త్రం కూడా ఈ దారిలో తడుముకొంటూనే నడిచింది. 1674లో ఇంగ్లండుకు చెందిన థామస్ విల్లిస్, తిమింగలపు ఎముకకు స్పాంజి కట్టి, దానితో రోగి గొంతులోని ఆహారాన్ని కిందికి నెట్టించాడు. 1913లో జర్మనీలో ఎర్నెస్ట్ హెల్లర్ బిగుసుకొన్న కండరాన్ని కోసి దారి ఏర్పరిచాడు. 2008లో జపానులో హరుహిరో ఇనోవే నోటి ద్వారా ఎండోస్కోపును పంపి, పైన కోత లేకుండానే ఆ పని చేశాడు. నేడు ఆ చికిత్స హైదరాబాదులోనూ లభిస్తున్నది. పక్షవాతం వచ్చినవారికి తల వంచే తీరు, కూర్చొనే తీరు, ఆహారపు చిక్కదనం నేర్పే వాక్చికిత్సకులు ఉన్నారు. నశించిన నాడీకణాలను తిరిగి మొలిపించే మందు మాత్రం ఇంకా రాలేదు. ఈ పరిమితిని దాచకుండా ఒప్పుకోవడం వైద్యానికి చిన్నతనం కాదు. ఒప్పుకోనివాడే అనుమానించదగినవాడు.

కనుక వివాదం చేయి ఉంచడం గురించి కాదు, ఆ చేయి దేని స్థానంలో ఉన్నదన్నదాని గురించి. అనుబంధం వేరు, ప్రత్యామ్నాయం వేరు. పరీక్షలు చేయించుకొని, చికిత్స పొందుతూ, మనశ్శాంతి కోసం ఎవరైనా రేకీని కోరుకొంటే అడ్డు చెప్పవలసిన పనిలేదు. మందులు మానివేయమని, ఎండోస్కోపీ అక్కరలేదని, ఇంకొన్ని విడతలు చేయించుకొంటే తగ్గుతుందని చెప్పేవారి దగ్గర నుండి తక్షణం లేచి రావాలి. ఆ విడతల మధ్య గడిచే నెలలలో రోగి బరువు కోల్పోతాడు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, క్యాన్సర్ అయితే నయం చేయగల దశ దాటిపోతుంది. కొన్ని వ్యాధులను మంత్ర తంత్రాలతో కుదురుస్తామనే ప్రకటనలను భారతదేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. కాని చట్టం ప్రకటనను ఆపగలదే గాని ఆశను ఆపలేదు. రోగి ఆశను దారి తప్పనీయకుండా కాపాడవలసినది కుటుంబం, చదువుకొన్న యువతరం. ఇంట్లో తాతగారు తరచూ పొలమారుతున్నా, తల్లి ముద్ద ముద్దకూ నీళ్లు తాగుతున్నా, గమనించి వైద్యుని వద్దకు తీసుకుపోవలసిన బాధ్యత వారిదే.

మరొక బాధ్యత వైద్యులపై ఉన్నది. శక్తి చికిత్సకుడు ఇస్తున్న సమయం, ఓర్పు, స్పర్శ ఆసుపత్రిలోనే దొరికితే రోగి వాటిని వెతుక్కొంటూ వేరొక గడప తొక్కవలసిన అవసరం తగ్గుతుంది. మంత్రాలకు చింతకాయలు రాలవన్నది నిజమే. ఆ మాటను ఎగతాళిగా విసిరితే మాత్రం రోగి మంత్రగాడి వైపే మరింత జరుగుతాడు. శాస్త్రం దారిని తెరవాలి, ఆప్యాయత ఆ దారిలో తోడు నడవాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ రెండవదానికి బదులు కాజాలదు.