విచారణ లేని న్యాయం

పరాయి ఊరిలో పేదవాని పక్షాన సాక్ష్యం పలికేవారు అరుదు. తమిళ మహాకావ్యం ‘శిలప్పదికారం’ ఈ సత్యాన్ని ఏనాడో చాటింది. పుహారు పట్టణానికి చెందిన కోవలన్ సర్వస్వం కోల్పోయి, భార్య కణ్ణగితో మధురానగరం చేరుకుంటాడు. ఆమె కాలి అందెను అమ్మి కొత్త జీవితం ఆరంభించాలని అతని ఆశ. రాణి అందెను అపహరించిన కంసాలి ఆ నేరాన్ని కోవలన్‌పై మోపుతాడు. పాండ్యరాజు విచారణ జరిపించకుండానే అతనికి మరణదండన విధిస్తాడు. కణ్ణగి సభకు వచ్చి, అందెను పగులగొట్టి అందులోని కెంపులను చూపగానే, రాజు తన అపరాధాన్ని భరించలేక ప్రాణం విడుస్తాడు.

శతాబ్దాల తరువాత ఇటువంటి ప్రశ్ననే ఒక తమిళ చలనచిత్రం మళ్లీ లేవనెత్తింది. వెట్రిమారన్ దర్శకత్వంలో రూపొందిన ఆ చిత్రం పేరు ‘విసారణై’. ఆ మాటకు తెలుగులో ‘విచారణ’ అని అర్థం. కోయంబత్తూరుకు చెందిన ఆటో డ్రైవరు ఎం. చంద్రకుమార్ తన అనుభవాల ఆధారంగా రచించిన ‘లాకప్’ నవల దీనికి మూలం. 2015లో వెనిస్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైన ఈ చిత్రం అక్కడ మానవహక్కుల పురస్కారాన్ని పొందింది. ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారాన్ని కూడా అందుకుంది. 2016లో భారతదేశం తరఫున ఆస్కార్ పోటీకి ఎంపికైంది.

ఈ కథ తెలుగునేల మీదనే మొదలవుతుంది. పొట్ట చేతపట్టుకుని గుంటూరుకు వచ్చిన నలుగురు తమిళ యువకులు చిన్నచిన్న పనులు చేసుకుంటూ, రాత్రివేళ పార్కులో తలదాచుకుంటారు. ఒక పెద్దింటిలో దొంగతనం జరుగుతుంది. నేరస్థులను త్వరగా చూపాలని పైనుంచి ఒత్తిడి పెరుగుతుంది. అసలు దొంగలను వెదకడం కష్టం; అడిగే దిక్కులేని వారిని పట్టుకోవడం తేలిక. ముందుగా దొరికినవాడు దెబ్బలకు తాళలేక మిత్రుల పేర్లు చెబుతాడు. వారు చేయని నేరాన్ని అంగీకరించాలని పోలీసులు రోజుల తరబడి హింసిస్తారు. అధికారుల భాష వారికి రాదు. వారి గోడు అధికారులకు పట్టదు.

వేరొక పనిమీద గుంటూరు న్యాయస్థానానికి వచ్చిన తమిళనాడు ఇన్‌స్పెక్టరు ముత్తువేల్ వారి మాటలను న్యాయాధికారికి తెలుగులో వినిపిస్తాడు. సత్యం బయటపడి వారు విడుదలవుతారు. ఒక దుబాసీ లభించినందువల్ల వారికి న్యాయం దక్కిందన్నమాట! అయితే ఆ ఉపకారానికి ప్రతిఫలం ఉంది. రాజకీయ నాయకుల రహస్యపు లెక్కలు తెలిసిన ఒక ఆడిటరును పట్టి తీసుకుపోవడానికి వారు ముత్తువేల్‌కు తోడ్పడవలసి వస్తుంది. తరువాత ఆ ఆడిటరు పోలీసుల అదుపులో హింసకు గురై మరణిస్తాడు. దానిని ఆత్మహత్యగా చిత్రించే ప్రయత్నంలో ముత్తువేల్ కూడా పాలుపంచుకుంటాడు. చివరకు ఈ రహస్యం తెలిసిన ఆ అమాయకులను సైతం అంతం చేయాలని పైవారు నిర్ణయించినప్పుడు మాత్రం అతని చేతులు ఆడవు. తోటి పోలీసులు అతనిని కూడా మిగల్చరు.

ఈ చిత్రంలో క్రూరులైన అధికారులు చాలామంది కనిపిస్తారు. అయినా ప్రేక్షకుడు ఎక్కువగా ఆలోచించవలసింది ముత్తువేల్‌ను గురించే. ఆ పాత్రను ధరించిన సముద్రఖని ఉత్తమ సహాయనటుడిగా జాతీయ పురస్కారం పొందారు. ముత్తువేల్ దుర్మార్గుడు కాడు. నలుగురు నిరపరాధుల కోసం నోరు విప్పినవాడు. కాని పైఅధికారి ఆజ్ఞ అని ఒకసారి, ఉద్యోగధర్మమని మరొకసారి తన మనస్సాక్షిని సర్దిచెప్పుకుంటూ వచ్చాడు. ఒక తప్పుకు తలవంచినవాడికి రెండవ తప్పును కాదనే బలం తగ్గుతుంది. అతడు ఎదురుతిరిగేనాటికి అతని మాట వినేవారే లేకపోయారు.

పోలీసుల పక్షాన కూడా ఒక వాదన ఉంది. సిబ్బంది తక్కువ, పని ఎక్కువ, ఒత్తిడి ఇంకా ఎక్కువ. కరుడుగట్టిన నేరస్థుడు మెత్తని మాటలకు నిజం చెబుతాడా అని కొందరు అడుగుతారు. వారి కష్టాలు నిజమే. కాని దెబ్బ రాబట్టేది సత్యాన్ని కాదు, దెబ్బలు ఆపగల సమాధానాన్ని. మిత్రుల పేర్లు చెప్పిన యువకుడు అబద్ధాలకోరు కాడు. నొప్పికి తాళలేని మనిషి. నిరపరాధి నేరం ఒప్పుకున్ననాడు అసలు దొంగ నిశ్చింతగా నిద్రపోతాడు.

మన చట్టానికి ఈ సంగతి తెలుసు. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితునిపై రుజువుగా వాడరాదని 1872 నాటి సాక్ష్యాధార చట్టమే నిర్దేశించింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా ఆ నియమాన్ని నిలుపుకుంది. అరెస్టు చేసిన వ్యక్తిని, ప్రయాణకాలం మినహా, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం ఆదేశిస్తోంది. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టు సమయంలో పాటించవలసిన నియమాలను స్పష్టంగా పేర్కొంది. కొరత చట్టంలో లేదు, దానిని పాటించే మనసులో ఉంది.

ఆ మనసు పోలీసులకు మాత్రమే ఉంటే చాలదు. తెరమీద కథానాయకుడు ఖాకీ దుస్తులు ధరించి, న్యాయస్థానంతో పనిలేకుండా తుపాకీతో తీర్పు చెబితే హాలంతా చప్పట్లతో మారుమోగుతుంది. తుపాకీకి ఎదురుగా నిలిచినవాడు దోషి అని కథకుడు ముందే చెప్పడం వల్ల ఆ చప్పట్లు సులభమవుతున్నాయి. జీవితంలో ఆ సంగతి ముందుగా చెప్పే కథకుడు ఎవరూ ఉండరు. అందుకే విచారణ అవసరం.

పాండ్యరాజు తొందరపడ్డాడు, అయినా సత్యం తెలిసిన క్షణంలో తన తప్పును ఒప్పుకున్నాడు. ‘విసారణై’లో తప్పును ఒప్పుకునే రాజు లేడు, కణ్ణగి మొర వినిపించే సభ కూడా లేదు. రేపటి అధికారులు, న్యాయవాదులు, పాత్రికేయులు నేటి విద్యార్థులలోనే ఉన్నారు. ఏదో ఒకనాడు ‘ఈ ఒక్కసారికి’ అనే మాట వారి చెవిన కూడా పడుతుంది. ముత్తువేల్ చివరి రాత్రి చెప్పబోయిన ‘కాదు’ అనే మాటను వారు ఆ మొదటిసారే చెప్పగలగాలి.