పసుపు మనది, లాభ మెవరిది?

నందిపేట రైతు పసుపును ఉడికించి, ఎండబెట్టి, కొమ్ములుగా నిజామాబాదు మార్కెట్టున అమ్ముచున్నాడు. పొడిగొట్టి పొట్లము గట్టి లాభించువారు వేరు. ఈ లెక్క మన బడులలో ఏ తరగతిలో చెప్పుచున్నారు?

చేతిపనియే విద్యకు కేంద్రము కావలెనని 1937లో వార్ధా సభ తీర్మానించినది. 6-8 తరగతుల బాలలు 10 దినములు సంచి విడిచి స్థానిక వృత్తికారులయొద్ద నేర్వవలెనని 2020 జాతీయ విద్యావిధానము పలికినది. 2025లో నిజామాబాదున పసుపు బోర్డును వెలసినది. కాగితములకు కొదువ లేదు, కార్యమే కొదువ.

ఇది బాలలచే కూలి చేయించుట యని కొందరు వాదింతురు. కూలిలో లాభము యజమానిది. ఇచట లెక్కయు లాభమును బాలలవే. ఉపాధ్యాయులారా! ఆ పది దినములను ఎగవేయకుడు. కొమ్మును తూచి, పొడిచేసి, ఖర్చు కట్టి, ధర నిర్ణయించు పని బాలల కొప్పగింపుడని మేము కోరుచున్నాము.