ఆ ఫోన్ అక్కడ మోగుతుందా?

కొత్త ఫోన్ కొనేటప్పుడు మనం మొదట అడిగేది ఏంటి? కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్, ఛార్జింగ్ ఎన్ని నిమిషాల్లో ఎక్కుతుంది... అంతేగా! 2003లో విదేశానికి బయల్దేరేవాళ్లు మొదట అడిగింది మాత్రం ఇంకోటి. 'ఇది అక్కడ మోగుతుందా?'

ఈ వారం ఓసారి ఆ రోజుల్లోకి వెళ్లొద్దాం. అప్పటికి నేను ఒకటో తరగతి పిల్లాణ్ని కాబట్టి పాత జ్ఞాపకాల కబుర్లేం చెప్పను. ఎమ్మెస్‌కనో, ఆన్‌సైట్‌కనో ఇప్పుడు సూట్‌కేసు సర్దుకుంటున్న వాళ్లకి అప్పటి లెక్క ఇంకా పనికొస్తుంది. అందుకే ఈ కథ.

2003 మొదట్లో హైటెక్ సిటీలో పనిచేసే ఒక ఇంజినీరు అమెరికా క్లయింట్ దగ్గరికి వెళ్తున్నాడనుకోండి. మధ్యలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెండ్రోజులు మీటింగ్. ఐఫోన్ రావడానికి ఇంకా నాలుగేళ్లుంది. కానీ ఫోన్, అడ్రస్ బుక్, క్యాలెండర్, ఈమెయిల్ అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మడం అప్పటికే మొదలైంది. 1996లో వచ్చిన నోకియా 9000 కమ్యూనికేటర్‌తో ఆ ముచ్చట ఊపందుకుంది. దాని బరువు 397 గ్రాములు. అంటే ఇవాళ్టి ఫోన్లు రెండు కలిపి జేబులో వేసుకున్నట్టే. 2003 నాటికి అవి కాస్త చిక్కాయి. మన ఇంజినీరు ముందు ఉన్న సరుకు ఇదీ.

నోకియా 9210ఐ: కళ్లజోడు పెట్టెలా తెరుచుకుంటుంది. లోపల పొడుగాటి కలర్ స్క్రీన్, పూర్తి కీబోర్డు. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు తెరవొచ్చు, ఫ్యాక్స్ కూడా పంపొచ్చు. 244 గ్రాములు. కానీ వైబ్రేషన్ లేదు!

సోనీ ఎరిక్సన్ పీ800: టచ్ స్క్రీన్, చిన్న పుల్ల, పైన నంబర్ల మూత. కెమెరా కూడా ఉంది. 

హ్యాండ్‌స్ప్రింగ్ ట్రియో 270: పామ్ సాఫ్ట్‌వేర్, బొటనవేళ్లతో కొట్టే బుల్లి కీబోర్డు. అడ్రసు వెతకడం, అపాయింట్‌మెంట్ చూడటం చిటికెలో పని.

బ్లాక్‌బెర్రీ 5810: మెయిల్ దానంతటదే వచ్చి పడుతుంది. అయితే కాల్ మాట్లాడాలంటే ఇయర్‌ఫోన్ తగిలించాల్సిందే. పెట్టెలో మైకూ లేదు, స్పీకరూ లేదు.

ఇవేవీ వద్దనుకుంటే జంట పద్ధతి ఉంది. నోకియా 6310ఐ లాంటి మామూలు ఫోన్ ఒకటి, పామ్ ఎం125 లాంటి ఆర్గనైజర్ ఒకటి. రెండింటినీ ఎదురెదురుగా పెడితే ఇన్‌ఫ్రారెడ్‌తో మాట్లాడుకుంటాయి. బల్ల మీద ఒక్కటి కదిలినా కనెక్షన్ హుష్‌కాకి.

సరే, ఏది కొనాలి? కీబోర్డు చూసి ముచ్చటపడేలోపు మూడు పరీక్షలు పెట్టాలి.

మొదటిది సిగ్నల్. మన దేశంలో, యూరప్‌లో జీఎస్‌ఎం నడిచేది 900, 1800 మెగాహెర్ట్‌జ్ మీద. అమెరికాలో 1900, 850 మీద. జపాన్, కొరియాల్లో అయితే అసలు జీఎస్‌ఎం లేనేలేదు. 9210ఐకి తెలిసింది 900, 1800 మాత్రమే. అంటే ఇంత కీబోర్డూ మోసుకుని న్యూజెర్సీలో దిగితే అది ఫోన్ కాదు, ఖరీదైన నోట్‌బుక్. అమెరికా కోసం నోకియా 9290 అని వేరే మోడల్ అమ్మింది. బ్లాక్‌బెర్రీ 5810ది సరిగ్గా దీనికి ఉల్టా, అమెరికా బ్యాండ్‌కే పరిమితం. ట్రియోలో 900, 1900 ఉన్నాయి. బాగానే ఉంది కదా అనుకునేరు! 2001లో నాలుగో లైసెన్సుతో మన దగ్గరకొచ్చిన కంపెనీలకు ఇచ్చింది 1800 బ్యాండ్. సిమ్ వాళ్లది అయితే ట్రియో ఊళ్లోనే మూగబోతుంది. మూడు బ్యాండ్లూ ఉన్నవి పీ800, 6310ఐ. సగం మంది అభ్యర్థులు మొదటి రౌండ్‌లోనే ఇంటికి.

రెండోది, నా లెక్కలో అసలైనది: బ్యాటరీ చచ్చిపోతే ఏం పోతుంది? పామ్ జాతి మెషీన్లు మన సమాచారాన్ని ర్యామ్‌లో దాచేవి. కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం. ఛార్జి పూర్తిగా అయిపోయి కొంతసేపు అలాగే వదిలేస్తే నంబర్లు, మీటింగులు, హోటల్ అడ్రసు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. కంప్యూటర్లో కాపీ ఉంటుందిగా అంటారా? ఉంటుంది, హైదరాబాద్‌లో ఆఫీసు బల్ల మీద. పైగా ట్రియో బ్యాటరీ మనం ఊడదీసి మార్చేది కాదు. పీ800, 9210ఐ మాత్రం సమాచారాన్ని ఫ్లాష్ మెమరీలో రాసుకుంటాయి. కరెంటు పోయినా చెక్కుచెదరదు, బ్యాటరీ కూడా మార్చుకోవచ్చు. ఎం125 కూడా ర్యామ్ బాపతే. కానీ అది నడిచేది రెండు సన్న పెన్సిల్ సెల్స్ మీద. ఏ దేశంలోనైనా, ఏ కొట్లోనైనా దొరుకుతాయి. కాపీ దాచుకోడానికి మెమరీ కార్డు స్లాటూ ఉంది.

మూడోది నెట్ లేకుండా ఎంత పనిచేస్తుంది? అప్పుడు డేటా అంటే నిమిషానికో, కిలోబైటుకో బిల్లు. రోమింగ్‌లో అయితే గుండె చిక్కబట్టుకోవాలి. అందుకే తెలివైన వాళ్లు బయల్దేరే ముందే కంప్యూటర్ నుంచి అన్నీ ఎక్కించుకునేవాళ్లు. అవాంట్‌గో అనే సాఫ్ట్‌వేర్ వార్తల పేజీలను పామ్‌లోకి దింపి పెట్టేది, విమానంలో తీరిగ్గా చదువుకోడానికి. ఇవాళ మనం ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోవడం దానికి తమ్ముడే.

నా తీర్పు? రోజూ మెయిల్ చూడక తప్పని వాడికి పీ800. మీటింగులు, కాల్సే ముఖ్యమైన వాడికి 6310ఐ, ఎం125 జంట. చూడ్డానికి పాతకాలం బేరంలా ఉంటుంది. కానీ ఒకటి పోతే రెండోది బతికే ఉంటుంది. ప్రయాణంలో దానికి మించిన ఫీచర్ లేదు.

ఇప్పుడు మన సంగతికొద్దాం. సిమ్, టికెట్, డబ్బు, మ్యాప్, వీసా కాగితాలు, అమ్మ నంబరు... అన్నీ ఒక్క అద్దం ముక్కలో పెట్టేశాం. ఆ మూడు ప్రశ్నలూ అడగడం మానేశాం. కానీ అవి ఎక్కడికీ పోలేదు.

సిగ్నల్: అమెరికాలో ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ మూసేసింది. కాల్ వెళ్లాలంటే ఫోన్ వాళ్ల వోల్టీకి సరిపడాలి. అందుకు ఆ కంపెనీ ఒప్పుకున్న మోడళ్ల జాబితా ఉంది. ఇక్కడ కొన్న ఫోన్ అందులో లేకపోతే అక్కడ ఇబ్బందే. విమానం టికెట్ బుక్ చేసిన రోజే మోడల్ నంబరుతో చూసుకోండి.

సిమ్: ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ ట్రేనే లేదు. బాబాయ్ అక్కడి నుంచి పంపిన ఫోన్‌లో ఇక్కడి సిమ్ కావాలంటే ముందే ఈసిమ్‌గా మార్పించుకోవాలి. ఇంకోటి, ఫోన్ పగిలితే మామూలు సిమ్ తీసి పక్క ఫోన్‌లో వేసేయొచ్చు. ఈసిమ్‌ని అలా గోటితో పీకలేం. ఇండియా బ్యాంకు ఓటీపీ ఆ నంబరుకే వస్తుందని మర్చిపోకండి. ఫీజు కట్టే ఆఖరి రోజు ఓటీపీ రాకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 

కాబట్టి బాస్, ఇంట్లో సొరుగులో పడున్న పాత ఫోన్‌ని పారేయొద్దు. ఇండియా సిమ్ అందులో వేసి, రోమింగ్ ఆన్ చేయించి సూట్‌కేసులో కాదు, చేతి బ్యాగులో పెట్టుకోండి. ఐ-20, పాస్‌పోర్టు, దిగబోయే ఇంటి అడ్రసు ప్రింట్ తీయండి. రెండు ఫోన్ నంబర్లు కాగితం మీద పెన్నుతో రాసుకోండి, ఒకటి ఇంటిది, ఒకటి అక్కడ మిమ్మల్ని రిసీవ్ చేసుకునే వాళ్లది. 

మొత్తం ఖర్చు ప్రింటుకి ఓ ఇరవై రూపాయలు. ఫోన్ ఒక్క శాతం దగ్గర ఎర్రగా మెరిసే వేళ, దాని విలువ మీకే తెలుస్తుంది.