తప్పు ఆఫీసుది, తిరుగుడు రైతుది

పాసుపుస్తకంలో నాలుగు గుంటలు తగ్గినా, సర్వే నంబరులో ఒక్క అంకె మారినా నష్టపోయేది ఎవరు? రాసినవాడు కాదు, దున్నేవాడు.

2017లో తెలంగాణ సర్కారు భూ రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టింది. భూములను పార్ట్-ఎ, పార్ట్-బి అని విడగొట్టారు. పార్ట్-బిలో పడ్డ భూములకు పాసుపుస్తకాలు ఆగిపోయాయి. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. రికార్డు తప్పులతో సహా కంప్యూటర్‌కెక్కింది. తప్పు దిద్దే అధికారం తహసీల్దారు నుంచి కలెక్టరుకు పోయింది. రెవెన్యూలో అప్పీలు తీసేసి సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. ఎకరం రైతు కోర్టుకెక్కితే ఆ ఎకరం మిగులుతుందా?

తప్పు చేసింది వాళ్లు, రుజువు చేసుకోవాల్సింది మనం. పాత పహాణీలు తెమ్మంటారు. అవి ఉండేది వాళ్ల బీరువాలోనే కదా! మీసేవలో డబ్బు కట్టి దరఖాస్తు పెడితే, తిరస్కరించామని ఒక్క ముక్క వస్తుంది. ఎందుకో చెప్పరు. మళ్లీ డబ్బు, మళ్లీ దరఖాస్తు.

ఇది కాగితం గొడవ మాత్రమే కాదు. పాసుపుస్తకం లేకుంటే బ్యాంకులో పంట రుణం పుట్టదు, పెట్టుబడి సాయం రాదు. రైతు చనిపోతే ఇంటికి రావాల్సిన రైతుబీమా 5 లక్షలూ రావు.

వీఆర్వోలను తీసేస్తే లంచం పోతుందన్నారు. లంచం పోలేదు, ఊళ్లో మనం నిలదీసే మనిషి పోయాడు.

2025 ఏప్రిల్‌లో భూభారతి తెచ్చారు. అప్పీలు తిరిగొచ్చింది, మంచిదే. కానీ చట్టం మారినంత మాత్రాన "రేపు రా" అనే నోరు మారదు. సిబ్బంది లేరంటారు. నియమించాల్సింది సర్కారే. ఆ లోటు మన కాళ్లరుగుదలతో పూడ్చుకుంటామంటే ఒప్పుకోం.

సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో సమాచారం ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు. కాగితం నకలు ఆపితేనే జరిమానా ఉన్నప్పుడు, భూమి హక్కును ఏళ్లకేళ్లు ఆపినవాడికి ఎందుకుండదు?

మనం అడిగేవి మూడే. ప్రతి దరఖాస్తుకు గడువు పెట్టాలి. తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి. ఆఫీసు చేసిన తప్పును ఆఫీసే పైసా తీసుకోకుండా దిద్దాలి.

ఒక్కొక్కరుగా పోతే ఒక్కొక్కరినీ తిప్పుతారు. ఊళ్లో ఆగిన దరఖాస్తులన్నీ ఒక జాబితాగా రాయండి. సంఘంగా పోయి ఇచ్చి, రశీదు తీసుకుని రండి.